పిన్ను కొట్టిన రెండు పేజీలు

పడుగు అతికే రోజు మగ్గం మోగదు. అయిపోయిన పడుగు కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా చేర్చి, వేళ్ళకు బూడిద రాసుకుని మెలిపెడుతూ కూర్చోవాలి. ఒకటా రెండా, వేల పోగులు. నడుము కన్నా ముందు మనసు విసిగిపోయే పని. అందుకే ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో మహానంది ఇంట్లో పడుగు శుక్రవారం అయిపోయినా ఆదివారం దాకా అతికేవారు కాదు. ఆదివారమైతే యేసేపు వస్తాడు. చంకలో కమాండర్ ధీరజ్‌ను పెట్టుకుని వస్తాడు.

యేసేపుది ఆదోని దారిలో ఎనిమిది మైళ్ళ అవతలి పల్లె. ఆ పల్లెకు బయట, దళితులుండే గేరి. వారమంతా ఆదోని జిన్నింగ్ మిల్లులో పత్తి బోరాలు మోస్తాడు. ఆదోని స్టేషను దగ్గర పాతపుస్తకాల బండి మీద ధీరజ్ నవలలు ఇరవై రెండూ, ఏడాదిన్నర పాటు ఒక్కొక్కటే ఏరి తెచ్చుకున్నాడు. నౌకాదళంలో గూఢచారి ధీరజ్, ‘జలశూల’ అనే జలాంతర్గామి, సముద్రం అడుగున వెంటాడే శత్రువులు. చిన్నప్పటి నుంచి చర్చిలో వాక్యం చదివిన గొంతు యేసేపుది. ఆ గొంతుతో ఆయన ‘జలశూల మునిగింది’ అంటే, సముద్రాన్ని బొమ్మల్లో తప్ప చూడని ఆ నేతపనివాళ్ళు ఊపిరి బిగబట్టేవారు.

చదివేవాడు మాత్రం వీధి అరుగు మీద, కిటికీకి అవతల కూర్చునేవాడు. ‘లోపల పడుగు పరిచి ఉంటాది గదప్పా, కాలు పడితే కష్టం’ అన్నాడు మహానంది మొదటి రోజే. పక్కింటి లక్ష్మప్ప మాత్రం అదే పడుగును దాటుకుంటూ రోజుకు పదిసార్లు లోపలికీ బయటికీ తిరిగేవాడు. టీ సమయానికి మహానంది భార్య శ్రీశైలమ్మ అందరికీ స్టీలు గ్లాసుల్లో పోసి, యేసేపుకు కాగితం కప్పులో పంపేది. వెనకటికి కొబ్బరిచిప్ప ఉండేది. ఇప్పుడు కప్పు వచ్చింది. తాగి పారేయవచ్చు, కడిగే పనీ లేదు, ఎవరూ వేలెత్తి చూపేదీ లేదు. కాలం మారిందని మనం చెప్పుకునే మార్పుల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో చదువరులు ఒకసారి ఆలోచించాలి.

మూడున్నరేళ్ళలో ఇరవై రెండు నవలలూ అయిపోయాయి. ‘మళ్ళీ మొదటి నుంచి సదువప్పా’ అన్నారు. యేసేపు మళ్ళీ మొదలుపెట్టాడు.

ఆయన కూతురు సంతోషికి పందొమ్మిదేళ్ళు. నౌకాదళంలో ఆడపిల్లలను కూడా తీసుకుంటున్నారని తెలిసిన రోజు నుంచి ఆ పిల్ల కాళ్ళు నేల మీద నిలవడం లేదు. ఎమ్మిగనూరులో ఒక శిక్షణ కేంద్రంలో చేరింది. తెల్లవారి ఐదుకు మైదానంలో పరుగు, ఆ తర్వాత లెక్కలు, సైన్సు. పల్లె నుంచి మొదటి బస్సు ఆరుంబావుకు. ఆటో వాళ్ళు ఆ వేళకు లేవరు. హాస్టలు నిండిపోయింది. ‘మూడు వారాల్లో ఊర్లో ఉండేట్టు చూసుకో, లేకపోతే పేరు కొట్టేస్తా’ అని మాస్టరు కచ్చితంగా చెప్పాడు.

సరిగ్గా అప్పుడే మహానంది మిద్దె మీది గది ఖాళీ అయింది. ‘గది అద్దెకు ఇవ్వబడును’ అని అట్ట వేలాడదీశారు. మైదానం అక్కడికి రెండు వీధులే.

“అడుగు నాయినా. ఆయప్పకి ధీరజ్ అంటే ప్రాణం. నేవీకి పోతాండానంటే ఇయ్యకుండా ఉంటాడా?” అంది సంతోషి.

ఆ ఆదివారం చదువు మధ్యలో యేసేపు పుస్తకం మూసి గొంతు సవరించుకున్నాడు.

“మహానందన్నా, మా పాప నేవీ పరీక్షకు తయారవుతాంది. మూడు నెల్లు నీ మిద్దె మీద గది ఇస్తివా అంటే...”

మహానంది వేళ్ళ మధ్య పోగు ఆగింది. “నేవీకా! భలే భలే. మన ధీరజ్ మాదిరి! విన్యావా లక్ష్మప్పా?”

“వినబడె” అన్నాడు లక్ష్మప్ప, తల ఎత్తకుండా.

“నాకేమప్పా, నాకు అట్లాంటి పట్టింపుల్లేవు. నీకు తెలుసు గదా. అయితే పైన దేవుని అర ఉండాది. నీళ్ళ ట్యాంకు కూడా ఆడనే. మా ఆడోళ్ళు ఒప్పుకోవాల గదా...”

లోపలి నుంచి శ్రీశైలమ్మ గయ్యిమంది. “నన్నెందుకు తెస్తావు మధ్యలోకి? వీధోళ్ళు ఏమంటారో సూసుకో!”

“అదీ మాట. వీధోళ్ళున్నారు” అన్నాడు మహానంది, దారి దొరికినవాడిలా. “ఇంకో సోట సూద్దాంలే. నేనే ఎవరికన్నా సెప్తా. సరే, జలశూల యాడ ఆపినావు? సదువు సదువు.”

యేసేపు చదివాడు. గొంతు తడబడలేదు. అదే ఆయనకు తర్వాత సిగ్గనిపించింది.

ఇంటికి వచ్చి చెప్తే సంతోషి ఏడవలేదు. ధీరజ్ పుస్తకాల దొంతర వైపు చూసింది.

“నాయినా, వచ్చే ఆదివారం పదకొండో పుస్తకం గదా? ఆ రెండు పేజీలు సదువు వాళ్ళకి.”

యేసేపు ఉలిక్కిపడ్డాడు. పదకొండో నవలలో రెండు పేజీలు ఉన్నాయి. మొదటిసారి చదవబోయే ముందే, పొరపాటున కూడా నోట రాకుండా, ఆ రెండింటినీ కలిపి స్టేప్లరుతో పిన్నులు కొట్టేశాడు.

“నీకెట్ల తెలుసు?”

“పదో తరగతిలోనే పిన్నులు పీకి సదివినా. సదివి మళ్ళీ కొట్టినా. నేవీకి పోవాలని ఆ పొద్దే అనుకున్యా.” తండ్రి వైపు తిరిగింది. “నువ్వెందుకు దాస్తివి నాయినా?”

జవాబు ఆయనకు తెలుసు. ఆ పేజీలు వింటే వాళ్ళు మళ్ళీ పిలవరేమోనని. వారానికి ఒక్కపూట నలుగురు పెద్దమనుషులు తన నోటి వైపు చూస్తూ కూర్చోవడం ఆయనకు తీపిగా ఉండేది. ఆ తీపి కోసం దాచాడు.

ఆ తర్వాతి ఆదివారం మహానంది ఇంట్లో పడుగు పరిచారు. యేసేపు అరుగు మీద కూర్చుని, గోటితో పిన్నులు పీకి, చదవడం మొదలుపెట్టాడు.

శత్రువుల రేవులో ధీరజ్ పట్టుబడ్డాడు. కుర్చీకి కట్టేశారు. శత్రువుల గూఢచారి పెద్ద ఒక ఫైలు తెరిచి నవ్వాడు. ‘మీ నాన్న బస్టాండు ముందు చెప్పులు కుట్టేవాడు. మీ అమ్మ ఊరి బావి దగ్గర బిందె పెట్టుకుని, ఎవరైనా దయతలచి నీళ్ళు పోస్తారేమోనని నిలబడేది. గడప తొక్కనివ్వని జనం కోసం నువ్వెందుకు చావాలి? జలశూల ఎక్కడుందో చెప్పు.’ ధీరజ్ నోట్లోని రక్తం ఉమ్మేశాడు. ‘ఆ తగవు మా ఇంటిది. మావాళ్ళతో నేనే తేల్చుకుంటాను. నీకు చెప్పేదేమీ లేదు’ అన్నాడు.

లోపల ఎవరి వేళ్ళూ కదలలేదు.

“ఇది ముందుసారి లేదే!” అన్నాడు లక్ష్మప్ప. “గది ఇయ్యలేదని నువ్వే కల్పించి సదువుతాండావు.”

“పుస్తకం ఇట్ల ఇయ్యి” అన్నాడు మహానంది. కళ్ళద్దాలున్నా సన్నక్షరాలు ఆనలేదు. డిగ్రీ చదివే కూతురు ఇందును పిలిచి చేతిలో పెట్టాడు. ఇందు నిలబడే మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఒక్క అక్షరం తేడా లేదు.

“ఉండాది నాయినా. అచ్చులోనే ఉండాది.”

మహానంది ముఖం చూస్తే ఇంట్లో ఎవరో పోయినట్టే ఉంది. ఐదేళ్ళుగా ‘మన ధీరజ్’ అన్నాడు. మనవడికి ఆ పేరే పెట్టించాడు. జలశూల మునిగినప్పుడల్లా నిజంగా కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

“రాసినోనికి పని ల్యాక రాసినాడు” అన్నాడు లక్ష్మప్ప. “కథలో గూడా ఇవన్నీ ఎందుకంట?”

“పైన గది ఖాళీగానే ఉండాది గదా నాయినా...” అని ఇందు మొదలుపెట్టింది.

“నోరు మూసుకుని లోపలికి పోవే!” అంది శ్రీశైలమ్మ.

మహానంది బూడిద గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. కిటికీ వైపు చూడకుండానే అన్నాడు.

“యేసేపూ, ఈ నేవీ కథలు సాల్లేప్పా. శానా దినాలాయ. వచ్చే వారం దెయ్యాలవి ఏమన్నా ఉంటే పట్టుకరా.”

యేసేపు చెయ్యి చాచాడు. ఇందు కిటికీ ఊచల్లోంచి పుస్తకం అందించింది.

“తేనన్నా” అన్నాడు యేసేపు. అరుపు లేదు, చర్చిలో చదివే గొంతే. “తప్పు మీదొక్కరిదే గాదు, నాదీ ఉండాది. ఐదేండ్లు మీకు నొప్పి తగలకుండా ఏరి ఏరి సదివినా. మీరు నాకు కాగితం కప్పులో పోసిరి, నేను మీకు పిన్నులు కొట్టి వినిపిస్తి. మీకు ధీరజ్ కావాల, వాళ్ళ నాయన వద్దు. ఈ పొద్దు ధీరజ్ గూడా వద్దనిరి. శత్రువు ముందర ఆయప్ప మనల్ని ఇడిసిపెట్టలేదు. మనమే ఇడిసినాం.”

అరుగు దిగి బస్టాండు వైపు వెళ్ళిపోయాడు. వెనక నుంచి ఎవరూ పిలవలేదు. వీధిలో ఏ ఇంటి వాళ్ళూ మరో గది చూపించలేదు. మూడో వారం శిక్షణ కేంద్రంలో సంతోషి పేరు కొట్టేశారు. ఆ పిల్ల ఇప్పుడు పల్లె దారిలో తెల్లవారుజామున ఒక్కతే పరుగెత్తుతోంది. లెక్కలు చెప్పేవారు లేరు. పరీక్ష దగ్గర పడుతోంది.

దేశాన్ని కాపాడే వీరుడి కోసం కన్నీరు పెట్టుకోవడం కష్టమేమీ కాదు. ఆ కన్నీళ్ళు నిజమో కాదో తేలేది, ఆ వీరుడి మనిషి వచ్చి మన ఇంట్లో ఒక గది అడిగిన రోజునే.