విమోచించండి

తాళంచెవులు కొక్కేలకు తగిలిస్తున్నవాడల్లా సగంలో ఆపి, గాబ్రియేలు మళ్లీ జేబులోంచి ఫోను తీశాడు. పొద్దున్నుంచి ఎన్నిసార్లు తీశాడో అతనికే తెలియదు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఫోనును ముక్కు దాకా తెచ్చుకుని, పెదవులు కదుపుతూ చదివాడు. ‘మీ ప్రయాణ బహుమాన పాయింట్లను విమోచించండి. గడువు నేటితో ముగియును.’

ఆ ‘విమోచించండి’ దగ్గరే అతని బుర్ర మొరాయిస్తోంది. చిన్నప్పటి నుంచి చర్చిలో వింటున్న మాట. విమోచకుడంటే ఎవరో అతనికి బాగా తెలుసు. ఆయన చేయాల్సిన పని తనను బొటనవేలితో చేయమంటుంది ఈ ఫోను. పోనీ, విమోచనమంటే విడిపించడమే కదా, నొక్కగానే పాయింట్లన్నీ విడుదలై ఎటో పోతే? పోయిన ఆదివారం ఇదే మాట వచ్చినప్పుడు చర్చి అయ్యగారినే అడిగాడు. ఆయన ఫోను వైపు చూడనైనా చూడకుండా, “విమోచన ఉచితంగ దొరికేది గాబ్రియేలూ, నొక్కితే వచ్చేది కాదు” అని చేయి కలిపి వెళ్లిపోయాడు. అడిగి ఉన్న మతి కూడా పోగొట్టుకున్నట్టయింది.

గాబ్రియేలు పొట్టి మనిషి. కౌంటరు మీదికి వంగి వంగి మెడ ముందుకు సాగింది. తెల్లచొక్కా జేబు కింద ఎప్పుడూ ఒక సిరా మరక. మెదక్ బస్టాండుకు నడిచొచ్చే దూరంలో ఉన్న ఈ మూడంతస్తుల లాడ్జిలో పెళ్లికి ముందు చేరాడు, ఇప్పుడు తల నెరిసింది. చర్చి చూడవచ్చేవాళ్లూ, ఏడుపాయల జాతరకొచ్చేవాళ్లూ, ఆఫీసులో సంతకం దొరక్క రాత్రికి చిక్కుకుపోయేవాళ్లూ, అందరికీ తాళంచెవి ఇచ్చింది ఆ చెయ్యే.

పాయింట్ల కథ ఎలా మొదలైందంటే, ఫోన్లలో బుకింగులు పెరిగితే లాడ్జి పేరు పైకొస్తుందని యజమాని సేటుకు ఎవరో చెప్పారు. అప్పటి నుంచి చేతిలో సంచితో నేరుగా వచ్చినవాళ్లకు కూడా గాబ్రియేలు తన ఫోనులోంచే గది బుక్ చేసేవాడు. చేసిన ప్రతిసారీ తన పేరున ఏదో జమవుతోందని అతనికి తెలియదు. నెలనెలా వచ్చే విత్తనాల కంపెనీ రాంచందర్ ఒకరోజు ఫోను చూసి కళ్లు పెద్దవి చేశాడు.

“అన్నా, మస్తు పాయింట్లున్నయే! ఏ హోటల్లనన్న ఒక రాత్రి ఫ్రీగ పండుకోవచ్చు, ఇద్దరు.”

ఇద్దరు అనగానే గాబ్రియేలుకు భార్య సౌభాగ్యమ్మ గుర్తొచ్చింది. లాడ్జి దుప్పట్లన్నీ వాళ్లింటికే పోతాయి. పెళ్లయిన నాటి నుంచి ఆమే ఉతుకుతుంది. ఊరూరి జనం ఆమె ఉతికిన దుప్పట్ల మీద పడుకుని లేచి పోయారు. ఒకసారి బండ దగ్గర నడుం పట్టుకుని నిలబడి, “నేను ఉతకని చద్దరు మీద ఒక్క రాత్రన్న పండుకోవాలె” అని నవ్వింది. అని ఆమె మరిచిపోయింది. అతను మరిచిపోలేదు. ఆ ఒక్క రాత్రి ఇన్నాళ్లకు చేతికందింది, ఈరోజు దాటితే పోతుంది. అందుకే అతనికి కాలు నిలవడం లేదు.

మధ్యాహ్నం రాంచందర్‌కు ఫోను కలిసింది. టేక్మాల్ దగ్గర ఏదో పొలంలో ఉన్నాడు, గాలి హోరు.

“విమోచించుడంటే ఏంది రాంచందరూ?”

“గదేం మాట? నాకెర్కలేదు.”

“పాయింట్ల కింద రాసుంది.”

“ఓ, రిడీమా? వాడుకునుడన్నా! కండ్లు మూసుకుని నొక్కు.”

గాబ్రియేలు నొక్కాడు. హోటళ్ల వరస వచ్చింది. హైదరాబాదులో ఒకటి నచ్చింది. తెల్లటి పరుపు, దాని మీద హంసలా మడిచిన తువ్వాలు. ఇంతలో పసిపిల్లతో ఒక కుటుంబం వచ్చి వేడినీళ్లున్న గది అడిగింది. వాళ్లకు తాళంచెవి ఇచ్చి, వేడినీళ్లు ఏ వేళకు వస్తాయో చెప్పి, తిరిగొచ్చి వరసలో అన్నిటికన్నా పైనున్న దాన్ని నొక్కేశాడు. ఇందాక హంస ఉన్నది అక్కడే మరి. ఫోను పచ్చగా మెరిసింది. హమ్మయ్య అనుకున్నాడు.

అదే క్షణాన కౌంటరు మీది కంప్యూటరు కూడా టింగుమంది. కొత్త బుకింగు. పేరు గాబ్రియేలు, మనుషులు ఇద్దరు, ఈ రాత్రికి. చర్చి ఊళ్లో గాబ్రియేళ్లకు కొదవా! ఎవరో తన పేరుగల పెద్దమనిషి వస్తున్నాడని ముచ్చటపడి, పై అంతస్తులో గాలి వచ్చే గది కేటాయించి, తానే ఎక్కివెళ్లి ఫ్యాను రెక్కలు తుడిచాడు. మెట్ల మలుపులో ఛాతీ పట్టుకుని కాసేపు నిలబడాల్సి వచ్చింది. కిందికొచ్చి, ఎన్నింటికి వస్తారో అడుగుదామని వచ్చే అతిథి నంబరుకు ఫోను కలిపాడు. బిజీ అని వచ్చింది. మళ్లీ కలిపాడు. మళ్లీ బిజీ. అప్పుడు నంబరు వంక చూశాడు. అది తనదే.

అతను ఫోనులో బుకింగు మళ్లీ తెరిచి చూశాడు. ఇందాకటి వరస మారిపోయి పైకొచ్చిన తన లాడ్జి పేరు కింద ‘మీకు అతి దగ్గరలో’ అని రాసే ఉంది. రద్దు చేస్తే పాయింట్లు తిరిగి రావని కూడా రాసి ఉంది. దుఃఖమొచ్చింది. ఇంటికి ఫోను చేసి చెప్పాడు.

“నేను ఎడ్డోన్ని సౌభాగ్యా. హైద్రాబాద్ అనుకొని మన లాడ్జే నొక్కిన.”

అవతల ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం వినిపించింది. “అయితేంది? మనం ఎన్నడన్న ఆ గదులల్ల పండుకున్నమా? వస్త తియ్యి.”

సాయంత్రం ఆమె ఆదివారపు చీర కట్టుకుని, చేతిసంచితో వచ్చింది. రాత్రి డ్యూటీకి వచ్చిన కుర్రాడు ఎల్లేష్ కౌంటరు వెనక నిలబడి ఉన్నాడు. గాబ్రియేలు మొదటిసారి కౌంటరుకు ఇవతల నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

ఎల్లేష్ గొంతు సవరించుకున్నాడు. “ఏ ఊరికెల్లి వచ్చిండ్రు సార్?”

“గిదే ఊరు.”

“ఏం పని మీద వచ్చిండ్రు?”

గాబ్రియేలు నిజంగానే ఆలోచించాడు. “పండుకుందామని.”

“చిన్నమ్మా, జర పైలం, సార్ కొత్తగున్నడు” అని ఎల్లేష్ నవ్వాడు.

గదిలోకి వెళ్లగానే సౌభాగ్యమ్మ చేయి దానంతటదే దుప్పటి మీద ముడత సరిచేసింది. ఒక కొసను ఎత్తి చూసి ఫక్కున నవ్వింది. “గీ కుట్టు నేనేసిందే. మొన్ననే ఉతికిన.”

“తప్పయింది” అన్నాడు అతను. ఎంత పిచ్చిగా ఆశపడ్డాడో అప్పుడు ముఖంలో తెలిసిపోయింది. ఆమెకు జాలీ, ప్రేమా రెండూ ముంచుకొచ్చాయి. “మంచిగనే ఉతికిన తియ్యి, పండుకో” అంది.

అతను బాత్రూంలోకి వెళ్లి, అతిథులకిచ్చే చిన్న సబ్బును కాగితం విప్పి, ముఖం కడుక్కున్నాడు. వాసన బాగుందని అక్కడి నుంచే చెప్పాడు. తర్వాత వచ్చి, మంచం నడుమ పడుకుంటే నలుగుతుందేమో అన్నట్టు ఒక అంచున ఒదిగాడు.

ఆమె కిందికెళ్లి ఎదురు హోటల్లో రెండు చాయ్‌లు తెచ్చింది. అతను కళ్లు మూసుకుని ఉన్నాడు. పాపం, అలిసిండు అనుకుని, అతని చాయ్ మీద మూతపెట్టి, కిటికీ దగ్గర కూర్చుని తనది తాగింది. దూరంగా చర్చి గోపురం మీద ఎండ తగ్గుతోంది. సేద తీరినంత సేపు కూర్చున్నాక, “ఏమయ్యా, చల్లారుతుంది, లెవ్వు” అంది. మళ్లీ అంది. చేయి పట్టుకుంటే తెలిసింది.

చర్చివాళ్లూ చుట్టాలూ వచ్చి గాబ్రియేలు దేహాన్ని తీసుకుపోయారు. మెట్లు దిగుతూ సౌభాగ్యమ్మ ఏడుపు మధ్యలో ఆగి, “ఎల్లేషూ, ఆ చద్దరు ఇంటికి పంపియ్యి, ఉతకాలె” అంది. ఎల్లేష్ కౌంటరు దగ్గరికొచ్చి రిజిస్టరు తెరిచాడు. ఆ గది ఖాళీ అయినట్టా, కానట్టా? రేపు పొద్దున దాకా అది గాబ్రియేలు పేరునే ఉంది. ఎవరిని అడగాలో కూడా అతనికి అర్థం కాలేదు. చివరికి పైకెళ్లి, దేన్నీ ముట్టకుండా, లైటు ఆర్పుదామని బాత్రూం తలుపు తోశాడు.

సింకు అంచున ఒకేఒక్కసారి వాడిన చిన్న సబ్బు, ఇంకా తడిగా ఉంది.