ఇంకో పొర

ముక్కు పక్కన బియ్యపు గింజంత మెరిసే బుడిపె కనిపించగానే ఆమెకు విషయం అర్థమైపోయింది. డాక్టరు చెప్పేదాకా ఆగనక్కర్లేదు. తండ్రి నుంచి వచ్చిన జన్యులోపం అది. చర్మం మీద ఎక్కడో ఒకచోట క్యాన్సర్ మొలుస్తుంది. కోసేస్తారు, మానుతుంది, మళ్ళీ ఇంకోచోట మొలుస్తుంది. వెంటనే ప్రాణం తీసే రకం కాదు. అలాగని వదిలేస్తే ముక్కునీ చెవినీ కంటినీ నిదానంగా తినేస్తుంది.

మొదటి ఆపరేషన్‌కి చుట్టాలంతా దిగారు. ఇప్పుడైతే "ఓహో, మళ్ళీ అదేనా" అనేసి వేరే మాటల్లో పడుతున్నారు. భర్త మంచివాడే, కానీ అతనూ "సాయంత్రానికల్లా వచ్చేస్తావుగా, కూర ఏం చెయ్యమంటావు?" అన్నాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

కళ్ళజోళ్ళ షాపులో ఆమె ఉద్యోగం. వచ్చినవాళ్ళ ముక్కు మీద ఫ్రేము జారకుండా కూర్చునేలా సరిచేయడం ఆమె పని. తన ముక్కు మీద మాత్రం ఏ ఫ్రేమూ నిలవదు, అక్కడ అన్ని కోతలు పడ్డాయి. ఈసారి సెలవు అడిగితే యజమాని గొంతు సవరించుకున్నాడు.

"తిరిగొచ్చాక కొన్నాళ్ళు లోపలి గదిలో లెన్సులు చూసుకోమ్మా. నీకూ విశ్రాంతిగా ఉంటుంది."

"విశ్రాంతి నాకా, మీ కస్టమర్లకా?" అంది. ఆయన డ్రాయర్‌లో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాడు.

ఆసుపత్రికి తమ్ముడు తీసుకెళ్ళాడు. నలభై దాటినా ఇంట్లో వాడింకా చంటిగాడే. కారు డ్రైవింగ్ నేర్పుతాడు, రోజంతా కిటికీ పక్కన ఎండలోనే ఉంటాడు. తండ్రి జబ్బు వాడికీ వచ్చింది, దానికి ఎండ అస్సలు పడదు. పరీక్షలకు మాత్రం రాడు.

మత్తు సూది వేసి ఒక పొర కోశారు. పైన పట్టీ అంటించి బయట కూర్చోబెట్టారు. కోసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూసి, అంచులో ఇంకా క్యాన్సర్ మిగిలితే మళ్ళీ పిలుస్తారు. ఎదురు బెంచీలో ఒక పెద్దాయన, ఆయన చుట్టూ కుటుంబమంతా. అందరి కళ్ళలో భయం. మొదటిసారి అయ్యుంటుంది. వాళ్ళను చూస్తే ఆమెకు జాలి కలగలేదు, కుళ్ళు పుట్టింది.

చంటి నీళ్ళ సీసా మూత జారవిడిచి, తీసుకోవడానికి వంగాడు. పెంచుకున్న జుట్టు పక్కకి జరిగింది. చెవి వెనక పక్కు కట్టిన పుండు.

"ఏంట్రా అది?"

"ఏదీ? అదా... దువ్వెన గీరుకుంది."

"ఎన్నాళ్ళ నుంచి గీరుకుంటోంది?"

వాడు జుట్టు మళ్ళీ చెవి మీదికి లాక్కున్నాడు.

"నాన్న చెవి గుర్తు లేదూ నీకు?" ఆమె గొంతు పెరిగింది. ఎదురు బెంచీ అంతా ఇటు తిరిగింది.

"గుర్తుంది కాబట్టే," అన్నాడు వాడు మెల్లగా. "నిన్ను చూసే రావట్లేదక్కా. టోపీ పెడతావు, క్రీము రాస్తావు, ఒక్క చెకప్పు మానవు. ఏం ఒరిగింది? ముఖాన చోటు మిగలకుండా కోయించుకుంటూనే ఉన్నావు. తెలిసి ఇలా ఉండేకన్నా, తెలీకుండా కొన్నాళ్ళు హాయిగా ఉందామనుకున్నా."

ఆ మాట ఆమె తనకు తానే ఎన్నిసార్లు అనుకుందో. అందుకే కోపం ఇంకా పెరిగింది. ఈలోగా నర్సు తలుపు తీసింది.

"అమ్మా, ఇంకో పొర తియ్యాలట. రండి."

బల్ల మీద పడుకుంటే కళ్ళ నీళ్ళు చెవుల్లోకి కారాయి.

"నొప్పిగా ఉందా?" అంది డాక్టరమ్మ.

"లేదు. కోపంగా ఉంది."

"నా మీదా?"

"మీ మీద కూడా."

డాక్టరమ్మ నవ్వబోయి ఆగి, కత్తెర అందుకుంది.

బయటికొచ్చేసరికి చంటి అక్కడే ఉన్నాడు. పారిపోయి ఉంటాడనుకుంది.

"ఏం ఒరిగిందన్నావు కదా," అంది నిలబడే. "ముక్కుంది. వంకరో టింకరో, నా ముక్కు నాకుంది. అంతే ఒరిగింది. అది సరిపోదని నాకూ తెలుసు. నీకు ఆ మాత్రమైనా మిగలదురా."

"వచ్చే వారం చూపిస్తాలే అక్కా."

ఆమె వాడి చొక్కా పట్టుకుని కౌంటర్ దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. ఇవాళ ఖాళీ లేదని కౌంటర్ అమ్మాయి చెబుతుండగానే, ఈ గొడవ విని డాక్టరమ్మ బయటికొచ్చింది. వరండాలోనే జుట్టు పక్కకి తీసి, భూతద్దం పెట్టి చూసింది.

"ముక్క తీసి పరీక్షకి పంపాలి. చూస్తే అదే అనిపిస్తోంది. రేపు పొద్దున్నే రండి."

చంటి ముఖం పాలిపోయింది. తన అనుమానమే నిజమైనందుకు ఆమెకు గెలిచినట్టు లేదు. ఒక్కసారి, ఈ ఒక్కసారైనా తప్పయి ఉండకూడదా అనిపించింది.

ఆమెకు ఆ రోజు ఇంకో పొర కూడా తీశారు. కుట్లు వేసి పంపేసరికి సాయంత్రమైంది. కారెక్కాక చంటి తాళం తిప్పకుండా కూర్చున్నాడు.

"సూది ఎక్కడ గుచ్చుతారక్కా?"

"సరిగ్గా అక్కడే."

"నొప్పెడుతుందా?"

"పెట్టదా మరి!"

"ఓదారుస్తావనుకున్నా."

"ఇవాళ నాలో ఓదార్పు లేదురా. రేపు నీ పక్కన కూర్చుంటాను, అంతే."

వాడు తలూపి కారు స్టార్ట్ చేశాడు. మత్తు దిగుతోంది. ముక్కు సలపడం మొదలైంది.