క్యారేజీలో దాచిన పాస్‌వర్డు

రేవు రోడ్డులోని ఆ లారీల ఆఫీసులో పాస్‌వర్డు పెట్టడానికి ఒకటే పద్ధతి ఉండేది. ఆ పూట తిన్నదాని పేరే పాస్‌వర్డు. "కాయితమ్మీద రాత్తే ఎవుడైనా సూసేత్తాడు, కడుపులో దాసుకోండి" అనేవాడు కంప్యూటర్లు చూసే సింహాద్రి. ఎవరి పిచ్చి వారికానందం!

సింహాద్రి పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు అలేఖ్య అనే కొత్తమ్మాయి పాస్‌వర్డులన్నీ ఒక్కచోట తాళం వేసి దాచే సాఫ్ట్‌వేరు పెడుతోంది. అన్నీ చేరాయి, ఒక్కటి తప్ప. రేవులో ఏ ఓడ ఏ బెర్తుకొస్తుందో చెప్పే బయటి డేటాబేసుకి సింహాద్రి పెట్టిన పాస్‌వర్డది. పాత సిస్టంలో చూస్తే అన్నీ చుక్కలే. సాయంత్రం ఆ సిస్టం ఆపేస్తారు. ఆ తరువాత లారీలను ఎటు పంపాలో, ఆ పని చూసే రోజారమణికి తెలిసే దారి లేదు.

"మూడుసార్లు తప్పు కొడితే లాకైపోద్దక్కా. మళ్ళీ తెరిపించాలంటే వారం. ఇది పెట్టినరోజు ఆయనేటి తిన్నారో గుర్తుందా?" అడిగింది అలేఖ్య.

గుర్తులేకేం! రోజారమణి ఉద్యోగంలో చేరిన రోజది. పద్మనాభం నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. సింహాద్రి క్యారేజీలోని చేపల పులుసు రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

చేపల పులుసు కొట్టారు. తప్పు. వంజరం పులుసు. అదీ తప్పు. ఇంకొక్కటే మిగిలింది.

రోజారమణి ఆగిపోయింది. ఆ పులుసు తిన్నది తను కదా! మరి ఆయనేం తిన్నాడు?

ఆరోజు తను ఇంటినుంచి తెచ్చుకున్న గిన్నెను సిగ్గుపడి బల్ల కింద దాచింది. సింహాద్రి లాగి చూశాడు. "ఓలమ్మీ, అంబలే! ఎన్నాళ్ళైపోనాదో తిని. ఇటియ్యి, నా సేపలు నువ్వు తిను." అడుగు దాకా తాగి, మూతి తుడుచుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. జాలిపడ్డాడనుకుని ఇన్నేళ్ళూ ఆ మాట ఎవరికీ చెప్పలేదు తను.

"అంబలి అని కొట్టమ్మా."

తెరుచుకుంది. రోజారమణికి ఏడుపు ఆగలేదు. జాలి కాదు, నిజంగానే ఇష్టపడి తాగాడు మహానుభావుడు!

"పాతది ఉంచకూడదక్కా, మార్చెయ్యాలి. ఇకనుంచి సాఫ్ట్‌వేరే కొత్తది పెట్టుకుంటాది, మనకి కూడా తెలీదు" అంది అలేఖ్య, నెమ్మదిగా.

"ఉండమ్మా. ఒక్కసారి నాను కొడతాను."

పైట చెంగుతో చేతులు తుడుచుకుని, ఒక్కొక్క అక్షరమే వెతికి నొక్కింది. ఓడల జాబితా వచ్చింది. చివరిదాకా చూసి కుర్చీలోంచి లేచింది.

"ఇంక మార్చీ తల్లీ."