చెయ్యి తీసినా ఆగని బండి

సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు మీదికి వేసిన చెక్కబల్లల మీద సగం దూరం దిగాక గంగయ్య యాక్సిలేటర్ వదిలేశాడు. బండి మాత్రం వదల్లేదు. ఇంజను ఒక్కసారిగా గొంతు పెంచింది, బండి ముందుకు ఉరికింది. ముందు చక్రం పంటు అంచున కట్టిన గొలుసుకు కొట్టుకుని అడ్డం తిరిగింది. వెనక చేపల గంప పట్టుకుని కూర్చున్న రత్తమ్మ మోకాళ్ళ మీద పడింది. గంపలోంచి నాలుగు పండుగొప్పలు జారి గోదాట్లో కలిసిపోయాయి. ఆ గొలుసే లేకపోతే వాటి వెంటే మొగుడూ పెళ్ళాలూ వెళ్ళేవారు.

"పొద్దున్నే ఏసేసి వొచ్చావేంటి గంగయ్యా?" అన్నాడు పంటు మీద తాడు పట్టుకునే అబ్బులు.

"సుక్క ముట్టలేదు. నేను సెయ్యి తీసేశాను. బండి దానంతటదే ఉరికింది."

అబ్బులు నమ్మినట్టు కనబడలేదు. పంటు కదిలింది. రత్తమ్మ మోకాలి నెత్తురు కొంగుతో ఒత్తుకుంటూ కూర్చుంది. దెబ్బ కంటే, బండి దానంతటదే ఉరికిందని మొగుడు అన్న మాటే ఆమెను ఎక్కువగా పీకుతోంది. ఆ మాట ఈ మధ్యే ఎవరి నోటనో వింది. ఎవరన్నారో చప్పున గుర్తుకు రాలేదు.

బండి కొని ఏడాది తిరగలేదు. పల్లిపాలెంలో చేపలు ఎత్తుకుని, పంటు దాటి, నరసాపురం మీదుగా పాలకొల్లు బజారుకు చేర్చడం వాళ్ళ బతుకు. బండి లేని రోజుల్లో బస్సులో గంప ఎక్కించడానికి కండక్టర్ని దేవుణ్ణి మొక్కినట్టు మొక్కేవాళ్ళు. ఎక్కించినా పక్కవాళ్ళు ముక్కు మూసుకునేవారు. బండి వచ్చాక ఆ చీదరింపు తప్పింది. అలాంటి బండి ఉన్నట్టుండి, నిలబెడితే చాలు, పుటుక్కున ఆగిపోవడం మొదలుపెట్టింది. పాలకొల్లు షోరూములో సర్వీసుకి ఇచ్చారు. సాయంత్రానికి తళతళలాడేలా కడిగి ఇచ్చారు. ఆగిపోయే జబ్బు పోయింది. మూడు రోజులు తిరక్కుండానే ఈ అరిచే జబ్బు పట్టుకుంది. చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగానే ఉంటుంది. కాస్త వేడెక్కిందంటే ఎవరి మాటా వినదు.

పంటు దిగి నేరుగా పాలకొల్లు వెళ్ళారు. షోరూము ముందు బండి ఆగేసరికి సూపర్‌వైజర్ మురళీకృష్ణ అద్దాల తలుపు సందులోంచి తల బయటపెట్టాడు.

"ఇక్కడొద్దండి. రోడ్డవతల పెట్టండి. లోపల కస్టమర్లున్నారండి."

గోదావరి జిల్లాల్లో మనిషిని గెంటినా అండీ అనే గెంటుతారు. తాము కూడా కస్టమర్లమేనని గంగయ్యకు తోచలేదు. తోచినా అనేవాడు కాదు. బండి రోడ్డవతల ఎండలో స్టాండు వేశాడు.

మెకానిక్ హరిబాబు స్క్రూ డ్రైవరొక్కటే పట్టుకుని వచ్చాడు. ఒక స్క్రూ ఇటు తిప్పాడు, ఇంజను ఆగిపోయింది. అటు తిప్పాడు, చెవులు హోరెత్తేలా అరిచింది. మళ్ళీ ఇటు, మళ్ళీ అటు. రత్తమ్మ పక్కనే నిలబడి చూస్తోంది.

"మద్దెలో ఎక్కడా నిలవదేంటి బాబూ?"

హరిబాబు అటూ ఇటూ చూసి, సీసాలోంచి కాసిని నీళ్ళు చేతిలోకి తీసుకుని, కార్బరేటర్‌ని ఇంజనుకు కలిపే రబ్బరు మీద చిలకరించాడు. అరుపు ఒక్క క్షణం దిగింది. నీళ్ళు ఆరగానే మళ్ళీ ఎగసింది. ఆ పిల్లాడి మొహం వాడిపోయింది.

"ఏంటది?" అంది రత్తమ్మ.

"రబ్బరు పగిలిందమ్మా. పగుల్లోంచి గాలి లాక్కుంటోంది. ఆగిపోయిందీ అందుకే, అరుస్తోందీ అందుకే. వేడికి పగులు విచ్చుకుంటది."

"మరి మొన్న సర్వీసులో సూడలేదా?"

"మీ పాలెం బళ్ళు విప్పొద్దన్నారమ్మా. ఉప్పు పట్టేసుంటాయి, వాసన, ఒకటి విప్పితే నాలుగు ఊడతాయంటారు. కడిగేసి, నిలబెట్టినా ఇంజను ఆగకుండా స్క్రూ తిప్పి ఐడిలింగ్ పెంచి ఇచ్చెయ్యమంటారు. ఇక్కడ ఆగిపోకపోతే చాలంతే. ఆ రబ్బరు మీ వంజరం కేజీ పాటి చెయ్యదు."

అప్పుడు గుర్తొచ్చింది రత్తమ్మకు. బండి దానంతటదే ఉరికిందన్నది లోవమ్మ. కిందటి నెల లోవమ్మ మొగుడు భీమరాజు అదే రేవులో, అవే బల్లల మీంచి బండితో సహా నీళ్ళలో పడ్డాడు. ఆ పూట గొలుసు వెయ్యలేదు. శవం మడ చెట్లలో దొరికింది. లోవమ్మ గుండెలు బాదుకుంటూ, మా ఆయన తాగలేదు, బండే ఉరికిందని ఎంత చెప్పినా పాలెంలో ఒక్కరూ నమ్మలేదు. తాగినోడి పెళ్ళాం ఇంకేం చెబుతుందిలే అని ఆడవాళ్ళ మధ్య అన్నది రత్తమ్మే.

ఆమె హరిబాబు దగ్గరికి జరిగింది.

"భీమరాజు బండి కూడా ఇక్కడికే తెచ్చాడా బాబూ?"

హరిబాబు చేతిలో స్క్రూ డ్రైవర్ ఆగిపోయింది.

"ఎర్ర బండేనా అమ్మా?" అని, తల దించుకుని, "దానికీ స్క్రూయే తిప్పానండి," అన్నాడు.

మురళీకృష్ణ రోడ్డు దాటి వచ్చాడు. ఆపి ఉంచిన ఇంజను అప్పటికి కొంచెం చల్లారింది; హరిబాబు స్టార్టు చేస్తే నెమ్మదిగా కొట్టుకుంటోంది.

"చూశారా, బండి శుభ్రంగా ఉందండి. మీవాళ్ళు లోడెక్కువేస్తారు, హ్యాండిల్ బిగపట్టేస్తారు. డ్రైవింగ్‌లో తేడా అండి. ఉప్పునీళ్ళ బళ్ళకి వారంటీలో పార్టులు రావు. తీసుకెళ్ళండి."

"రబ్బరు పగిలిందంటన్నాడు గదండీ ఈ అబ్బాయి."

మురళీకృష్ణ ఆమె వైపు చూడలేదు. "మీ ఆవిడికి చెప్పండి గంగయ్యగారూ," అన్నాడు.

గంగయ్యకు గారు అనిపించుకోవడం అలవాటు లేదు. ఆ ఒక్క మాటకే మెత్తబడిపోయాడు. బండెక్కి కూర్చుని, "ఎక్కవే. బేరం ఏళ దాటిపోతంది," అన్నాడు.

"నేనెక్కను మావా. నువ్వూ దిగు."

"పెద్దోళ్ళతో మనకేంటే?"

రత్తమ్మ గంప నెత్తికెత్తుకుని రోడ్డు దాటింది. అద్దాల తలుపు భుజంతో నెట్టి, వరసగా నిలబెట్టిన కొత్త బళ్ళ మధ్య, అద్దంలా తుడిచిన నేల మీద గంప దించి, మూత తీసి, పక్కనే చతికిలబడింది.

"ఏంటమ్మా ఇది? లెగండి," అంటూ మురళీకృష్ణ వెనకే పరుగెత్తుకొచ్చాడు.

"రబ్బరు మారిస్తే లెగుత్తానండి. భీమరాజు బండి ఎందుకురికిందో లోవమ్మకి సెప్తే లెగుత్తానండి."

కొత్త బండి కొనడానికొచ్చిన దంపతులు ముక్కుకు రుమాలు పెట్టుకున్నారు. అప్పుడే రోడ్డవతల ఇంజను గొంతు మారింది. మెల్లగా లేచి, లేచి, అద్దాలు అదిరేంతగా అరవసాగింది. గంగయ్య అద్దాల్లోంచి పెళ్ళాం కేసి చూశాడు. హ్యాండిల్ మీంచి రెండు చేతులూ తీసేశాడు. స్టాండు తియ్యని బండి దిగి, వెనక్కి నడిచి, దూరంగా నిలబడ్డాడు.

"అదేంటండి, ఎవరూ పట్టుకోకుండానే అలా అరుస్తోంది?" అని అడిగాడు కొనడానికొచ్చినాయన.

"హరిబాబూ, వెళ్ళి స్క్రూ తిప్పవయ్యా," అన్నాడు మురళీకృష్ణ.

గుమ్మంలో నిలబడ్డ హరిబాబు కదల్లేదు. గంపలోంచి కరిగిన ఐసు నీళ్ళు నేల మీద పాకుతూ సూపర్‌వైజర్ బూట్ల దాకా వచ్చాయి.