ఏ ఆకు వేశారు

కోతెపెక్‌లో సాయంత్రమయ్యేసరికి ఊరంతా కాఫీ వాసనే. గింజలు వేయించే మిల్లుల పొగ సన్నటి తుంపరలో తడిసి కిందికి దిగుతుంది, కిటికీలు మూసుకున్నా సందుల్లోంచి దూరుతుంది. ఆ వేళకి ఏ ఇంట్లో చూసినా పొయ్యి మీద కాఫీ గిన్నె, బల్ల మీద తీపి రొట్టెలు. పాలు మాని ఏడాది తిరగని పిల్లలు కూడా రొట్టెముక్క కాఫీలో ముంచుకుని తినే ఊరది. అలాంటి ఊళ్ళో పుట్టి పెరిగిన నోయెమీ కాఫీ మానేయాల్సి వచ్చింది.

నలభైకి దగ్గరపడుతున్న వయసులో ఆమె మళ్ళీ కడుపుతో ఉంది. అంతకు ముందు మూడుసార్లు నిలవలేదు. మూడుసార్లూ నాలుగో నెల దాటకుండానే పోయాయి. ఈసారి అయిదో నెల వచ్చింది. చిన్నపిల్లల బడిలో ఉద్యోగానికి సెలవు పెట్టించి, డాక్టరమ్మ ఆమెను మంచం దిగవద్దంది. కాఫీ వద్దంది, మామూలు టీ వద్దంది, సీసాల్లో వచ్చే నల్ల పానీయాలు అసలే వద్దంది.

"మరి సాయంత్రం ఏం తాగను?" అని అడిగింది నోయెమీ.

"సీమచామంతి పూలు పలచగా కాచుకుని ఒక కప్పు తాగితే ఏమీ కాదు. మిగతా ఆకుల సంగతి నన్నడక్కమ్మా. కడుపుతో ఉన్నవాళ్ళకి ఏది పడుతుందో, ఏది పడదో ఎవరూ సరిగ్గా తేల్చలేదు. తెలియనిది తాగకపోవడమే మంచిది."

ఆ "తెలియనిది" అన్న మాట నోయెమీ చెవిలో జోరీగలా దూరింది. ఎందుకంటే ఆమె కాపురం చేస్తున్నది ఆకులమ్మే ఇల్లు.

అత్తగారు దోన్యా ఎర్మీలాకి బజారులో, చేపల వరసకి వెనక, ఆకుల కొట్టుంది. నిద్రపట్టనివాళ్ళకి తీలా పూలు, దడుపు చేసినవాళ్ళకి నారింజాకు, అజీర్తికి పుదీనా, మనసు బాగోలేని ఆడవాళ్ళకి నిమ్మవాసనొచ్చే తొరొన్‌హీల్. భర్త పోయిన దగ్గర్నుంచీ ఆవిడ ఆ కొట్టు మీదే కొడుకుని పెంచింది. ఇంట్లో వసారా దూలం నిండా తలకిందులుగా కట్టిన మోపులే. ఎండే కొద్దీ రాలిన ఆకు కాళ్ళ కింద పలపలమనేది.

రోజూ చీకటిపడే వేళకి ఆవిడ కొట్టు కట్టేసి వచ్చి, తల తుడుచుకుని, మట్టి కప్పులో వేడివేడిగా ఏదో తెచ్చి కోడలి మంచం పక్కన పెట్టేది. లేత తేనె రంగులో ఉండేది. కాస్త తియ్యగా, కాస్త నిమ్మతొక్క వాసనగా ఉండేది.

"ఏ ఆకు వేశారు అత్తయ్యా?"

"మంచిదే వేశాను. చల్లారకముందే తాగు తల్లీ."

అంతకుమించి చెప్పేది కాదు. కొట్లో ఎవరైనా గుప్పెడు ఆకు కొంటే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పే మనిషి, ఇంట్లో ఈ ఒక్క కప్పు దగ్గర నోరు కట్టేసుకునేది. నోయెమీ మొదట్లో పట్టించుకోలేదు. తాగేసి, కడుపు మీద చెయ్యేసుకుని, కదలిక కోసం చూస్తూ పడుకునేది.

ఒకరోజు మధ్యాహ్నం రెఫూ వచ్చింది. బజారులో ఎర్మీలా పక్క కొట్టు ఆవిడదే, కొవ్వొత్తులమ్ముతుంది. మనసులో కుళ్ళు లేదు గాని నోటికి తలుపు లేదు. మంచం అంచున కూర్చుని, తెచ్చిన రొట్టె తనే సగం తినేసి అడిగింది.

"మొదటిసారి కడుపు పోయినప్పుడు మీ అత్త నీకేం కాచి ఇచ్చేదో గుర్తుందా?"

"వాంతులు తగ్గడానికి దాల్చినచెక్క నీళ్ళు. ఏం రెఫూ అక్కా?"

"ఏం లేదు. దాల్చినచెక్కా... కాన్పు నొప్పులు ఆలస్యమైతే మా అమ్మ అదే ఇచ్చేది. గట్టిగా కాచి."

నోయెమీ దుప్పటి కడుపు మీదికి లాక్కుంది.

"మీ అత్త సదాపాకు కూడా మోపులు మోపులు అమ్ముతుంది. కడుపు వద్దనుకున్నవాళ్ళు దాన్ని దేనికి కొంటారో పెళ్ళికాని పిల్లలకి కూడా తెలుసు. ఒకే గిన్నెలో అన్నీ కాస్తుందేమోనని. నేనేమీ అనట్లేదు సుమా. నా నోరు మంచిది కాదు, వదిలెయ్."

అనాల్సిందంతా అనేసి వదిలెయ్ అంటే వదిలేది ఎవరు? రెఫూ వెళ్ళిపోయాక నోయెమీ పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. మొదటిసారి దాల్చినచెక్క. రెండోసారి నిద్రకని ఏవో పూలు. మూడోసారి ఏం తాగింది? ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. గుర్తురాకపోవడమే ఇంకా భయపెట్టింది. ఆ సాయంత్రం అత్తగారు కప్పు తెచ్చిపెట్టి వంటింట్లోకి వెళ్ళగానే ఆమె నెమ్మదిగా లేచి, కిటికీ తెరిచి, కప్పులో ఉన్నదంతా బయటి ఫెర్ను మొక్కల మీద పోసేసింది. ఖాళీ కప్పు చూసి ఎర్మీలా సంతోషించింది. ఆ సంతోషం చూసి నోయెమీకి ఏడుపొచ్చింది.

మర్నాడూ అదే పని. ఆ మర్నాడూ అంతే.

భర్త ఫిదెన్సియో కాఫీ మిల్లులో గింజలు వేయిస్తాడు. ఇంటికొస్తే అతని చొక్కా, జుట్టు, చేతులు అన్నీ కాఫీయే. ఒకరోజు అతను చొక్కా మార్చుకుంటుంటే నోయెమీ మెల్లగా అడిగింది.

"మీ అమ్మ నాకేం కాచి ఇస్తోందో నీకు తెలుసా?"

"ఆకు టీ. ఇంకేం ఇస్తుంది?"

"ఏ ఆకు?"

"నాకేం తెలుసు? అమ్మనడుగు."

"అడిగాను. చెప్పదు. ఫిదే, ఆ మూడుసార్లూ నేను ఆవిడ చేతి కషాయాలే తాగాను."

అతను చొక్కా సగంలో ఆపాడు. "అంటే? మా అమ్మ నీకు విషం పెడుతోందంటావా?"

"అలా అనలేదు. తెలియక ఇచ్చి ఉండొచ్చు కదా అంటున్నా."

"మా అమ్మకి ఆకుల గురించి తెలియకపోతే ఈ ఊళ్ళో ఇంకెవరికి తెలుస్తుంది? ఆ మాట ఆవిడ చెవినపడితే బతుకుతుందా? నీకు పుణ్యముంటుంది, ఇంకెక్కడా అనకు."

అతనికి కోపమొచ్చింది గాని నిద్ర పట్టలేదు. మర్నాడు పక్క పట్నం హలాపా వెళ్ళి, పెద్ద కొట్లో కనిపించిన ఆకు టీ పెట్టెలన్నీ సంచిలో వేసుకొచ్చి మంచం మీద కుమ్మరించాడు. "ఇవన్నీ కంపెనీవి. ఇందులో అమ్మ చెయ్యి లేదు. కాఫీలో ఉండే కెఫీన్ ఒక్కదాన్లోనూ లేదట, పెట్టె మీదే రాసుంది. నీకేది కావాలో తేల్చుకో."

అతను వెళ్ళాక నోయెమీ ఆ పెట్టెల్ని దుప్పటి మీద వరసగా పేర్చింది. ఎర్ర గోంగూర కాయల తొక్కల టీ రంగు చూస్తేనే నోరూరింది, కాని అది ఒంట్లో రక్తపుపోటు దించుతుందని బడిలో ఎవరో అనగా విన్న గుర్తు. పక్కన పెట్టింది. పుదీనా మంచిదే అనుకుంది, తిప్పి చూస్తే వెనక చీమంత అక్షరాలతో "గర్భిణులు వైద్యుని సలహాపై వాడవలెను" అని ఉంది. నిమ్మగడ్డి పెట్టె మీదా అదే మాట. నారింజపూల మీదా అదే. సోంపు మీద ఏమీ రాసి లేదు, రాయనందుకు ఇంకా అనుమానమొచ్చింది. చివరికి డాక్టరమ్మ సరేనన్న సీమచామంతి పెట్టె తీసింది. కింద ఉన్న పేర్ల వరసలో చామంతితో పాటు "ఇతర సహజ మూలికలు" అని ఉంది. ఏ మూలికలు? ఎవరు చెప్తారు? పెట్టెని అడిగితే చెప్తుందా?

ఒక దాన్నెత్తుతుంది, వాసన చూస్తుంది, దించుతుంది. మళ్ళీ మొదటిదాని దగ్గరికొస్తుంది. కిటికీ బయట వెలుతురు పోయింది, కాఫీ వాసన వచ్చింది, గొంతు పిడచకట్టుకుపోయింది, ఆమె ఇంకా అక్కడే ఉంది. ఒక గుక్కెడు వేడినీళ్ళలో ఏం వేసుకోవాలో తేల్చుకోలేని తను రేపు బిడ్డనేం పెంచుతుందని తన్ను తానే తిట్టుకుంది. ఆఖరికి పెట్టెలన్నీ మంచం కిందికి తోసేసింది.

ఆ తర్వాత భయం నీళ్ళకీ పాకింది. ఇంట్లో తాగే నీళ్ళు కాగేది కూడా అత్తగారి పెద్ద గిన్నెలోనే. ఆ గిన్నె ఎంత తోమినా ఏదో ఆకు వాసన వేస్తూనే ఉంటుంది. నోయెమీ నీళ్ళ గ్లాసు కూడా పెదవి తడిచేంత తాగి దించేయసాగింది. బొప్పాయి వద్దని ఎవరో అన్నారు, అనాస వద్దని ఇంకెవరో అన్నారు, పళ్ళూ మానేసింది. పెదవులు పగిలాయి. లేస్తే కళ్ళు తిరిగేవి. బలహీనత అనుకుంది. బిడ్డ కోసం ఈమాత్రం ఓర్చుకోలేనా అనుకుంది.

ఒక సాయంత్రం వాన గట్టిగా పడుతుంటే పొత్తికడుపు రాయిలా బిగుసుకుంది. వదిలింది, మళ్ళీ బిగుసుకుంది. తడిగుడ్డలా నడుం చుట్టూ ఎవరో మెలిపెట్టి లాగుతున్నట్టుంది. దుప్పటి తీసి చూసుకుంటే చిన్న ఎర్రటి మరక. ఆ రంగు ఆమెకి తెలుసు.

"అత్తయ్యా" అని పిలిచింది. గొంతు రాలేదు. మళ్ళీ పిలిచింది.

ఎర్మీలా వచ్చి మరక చూసింది. వీధిలోకి పరిగెత్తి, వానలో అడ్డంగా నిలబడి, టాక్సీ ఆపించింది. ఫిదెన్సియో మిల్లులో ఉన్నాడు, అతనికి పక్కింటివాళ్ళతో కబురుపెట్టి, కోడలి తల తన ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో పడుకోబెట్టింది. హలాపా దారంతా పొగమంచు. బండి నత్తలా పోతోంది.

నొప్పి వచ్చి పోయిన ఒక సందులో నోయెమీ అత్తగారి మణికట్టు పట్టుకుంది.

"ఏ ఆకు వేశారు? ఇప్పుడైనా చెప్పండి. అక్కడ అడుగుతారు, డాక్టరుకి చెప్పాలి."

"ఏ ఆకూ వెయ్యలేదు."

"నాతో అబద్ధం చెప్పకండి. చచ్చి మీ కడుపున పుడతాను, చెప్పండి."

"అబద్ధం కాదే. బెల్లం ముక్క వేసి కాచిన నీళ్ళు. రంగు కోసం బెల్లం, వాసనకి రవ్వంత నిమ్మతొక్క. అంతే. రెండోసారి పోయిన దగ్గర్నుంచీ నీ కప్పులో ఒక్క ఆకు వెయ్యలేదు నేను."

డ్రైవరు రేడియో గొంతు తగ్గించాడు.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? ఊరందరికీ గుప్పెళ్ళు కొలిచిచ్చేదాన్ని, నా కోడలికి ఇవ్వడానికి మాత్రం చేతులు వణుకుతున్నాయని చెప్పనా? ఆ దాల్చినచెక్క వల్లేనేమో అని నాలో నేను ఎంత కుమిలిపోయానో దేవుడికి తెలుసు. ఉత్తి నీళ్ళిస్తే ఎందుకని అడుగుతావు. అడిగితే నేను చెప్పాలి."

నోయెమీ కళ్ళు మూసుకుంది. "నేను తాగలేదు అత్తయ్యా. కొన్ని వారాలుగా ఒక్క చుక్క తాగలేదు. అంతా కిటికీలోంచి పోసేశాను."

ఎర్మీలా చెయ్యి ఆమె నుదుటి మీద ఉన్నది ఉన్నట్టే ఆగింది. అది ఎంతసేపు ఆగిందో, మళ్ళీ ఎప్పుడు కదిలి జుట్టు సవరించిందో నోయెమీకి తెలియలేదు. ఈలోగా ఇంకో నొప్పి వచ్చింది.

ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరు ఒకామె నోయెమీ నాలుక చూసి, చేతి మీద చర్మం గిల్లి చూసి, "ఇవాళ నీళ్ళెన్ని తాగావు?" అని అడిగింది.

"కొంచెం."

"నిన్న?"

నోయెమీ పగిలిన పెదవిని నాలుకతో తడుపుకుంది.

"ఒంట్లో నీరు లేదమ్మా. అందుకే గర్భసంచి బిగుసుకుంటోంది. నువ్వేం తాగావని కాదు, తాగకనే ఇదంతా" అని సెలైను ఎక్కించింది. బిడ్డ గుండె వినిపించే పరికరం పొట్ట మీద పెట్టి అటూ ఇటూ జరిపింది. చాలాసేపు గరగర తప్ప ఏమీ లేదు. తర్వాత గుర్రం దౌడులా టకటకమని వినిపించింది. నోయెమీ దాన్ని నమ్మడానికి భయపడి, "అది నా గుండేమో చూడండి" అంది.

"నీది ఇంత వేగంగా కొట్టుకుంటే నిన్ను ఇంకో వార్డులో పడేసేవాళ్ళం. అది బిడ్డదే."

నొప్పులు వెంటనే తగ్గలేదు. సీసా తర్వాత సీసా దిగింది. తెరకి అవతల అత్తగారి గొంతు, ఎప్పుడూ బజారంతా వినిపించే గొంతు, ఎంతో చిన్నగా వినిపించింది.

"డాక్టరమ్మా, దాల్చినచెక్క నీళ్ళు తాగితే కడుపు పోతుందా? ఎప్పుడో. చాలా ఏళ్ళ కింద."

"ఒక కప్పు దాల్చినచెక్క నీళ్ళకి అంత బలం ఉండదు పెద్దమ్మా."

"అయితే ఎందుకు పోయినట్టు?"

"అది చెప్పలేను. చాలాసార్లు మాకూ తెలీదు."

తెర అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఎర్మీలా ముక్కు చీదుకోవడం వినిపించింది. కాసేపటికి ఫిదెన్సియో కాఫీ వాసనతో, తడిసి ముద్దై వచ్చాడు.

నోయెమీ వారానికి ఇంటికొచ్చింది. అత్తాకోడళ్ళు టాక్సీలో మాటలు మళ్ళీ ఎత్తలేదు. కొన్ని సాయంత్రాలు ఎర్మీలా వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏం తాగుతావు?" అని అడిగేది. ఆ మాట అడగడానికి ఆవిడకెంత కష్టమో నోయెమీకి తెలుసు. ఆమె అత్తగారి కొట్టులోని సీమచామంతి పూలే విడిగా తెప్పించుకుని, కప్పులో వేస్తుంటే కళ్ళారా చూసి తాగేది. చూసినా భయం పోలేదు. ప్రతి గుక్కా గొంతు దగ్గర ఒక్క క్షణం ఆగి దిగేది. అయినా తాగేది, నీళ్ళూ తాగేది, రాత్రి లేచి మరకేమైనా ఉందా అని చూసుకునేది. ఆరో నెల అలాగే గడిచింది, ఏడూ అలాగే. పుట్టబోయేదానికి పేరు పెట్టుకోవడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం చాలలేదు.

నెల ముందుగానే పుట్టింది. ఆడపిల్ల. పిల్లి పిల్లంత ఉంది, గొంతు మాత్రం నానమ్మది.

చూడ్డానికి రెఫూ వచ్చింది. ఏదో ఎండు మోపు తెచ్చి బల్ల మీద పెట్టి, "పాలు బాగా పడతాయి, రోజూ సాయంత్రం కాచుకో" అని చెప్పి, పిల్లని పొగిడి, వెళ్ళిపోయింది.

ఎర్మీలా మోపుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"కాచమంటావా?" అని అడిగింది.

"మీరేమంటారు?"

ఆవిడ మోపులోంచి ఒక ఆకు తుంచి వేళ్ళ మధ్య నలిపింది. "దీన్ని నేనే అమ్ముతాను. పాలు పడ్డాయని చెప్పినవాళ్ళున్నారు, ఏమీ కాలేదని తిట్టినవాళ్ళూ ఉన్నారు. నిజం చెప్పమంటే, నాకు తెలీదు తల్లీ."

"అయితే ఇవాల్టికి వద్దు. నీళ్ళివ్వండి, దాహంగా ఉంది" అంది నోయెమీ, పిల్లని రెండో వైపుకి మార్చుకుంటూ.