గాలి గొట్టం

తోడికోడళ్ళిద్దరూ ఒకే ప్రయోగశాలలో పనిచేసేవారు. పెద్దావిడ అక్కడ సీనియర్ శాస్త్రవేత్త. చిన్నావిడ ఆరేళ్ళుగా ఆమె కింద పరిశోధకురాలు. ఇంట్లో "అక్కా" అని, పనిలో "మేడమ్" అని పిలవాలి. రెండు పిలుపులూ చిన్నావిడ నోటికి చేదే.

గొడవంతా రంగునీళ్ళ దగ్గర ముదిరింది. అద్దకం ఫ్యాక్టరీలు వదిలే నీళ్ళలోని రంగును వెలుతురు సాయంతో విరగ్గొట్టాలి. పెద్దావిడ పద్ధతిలో ఒక తెల్లటి పొడిని ఆ నీళ్ళలో కలిపి, పైన దీపం పెట్టి, గిలకొడుతూ ఉండాలి. పొడి వెలుతురును పట్టుకుంటుంది కానీ, పని సాగాలంటే దానికి ఆక్సిజన్ కూడా అందాలి. నీళ్ళలో కరిగి ఉండే ఆక్సిజన్ ఏ మూలకీ చాలదు. తేటపడడానికి ఆరు గంటలు పట్టేది. పదేళ్ళుగా పెద్దావిడ పేరు నిలబడింది ఆ పద్ధతి మీదే.

చిన్నావిడ పొడిని నీళ్ళలో కలపలేదు. సన్నటి రంధ్రాలున్న, నీరంటని గుడ్డ మీద పూసింది. గుడ్డ పైన రంగునీళ్ళు, కింద గొట్టంలోంచి వచ్చే గాలి. నీళ్ళు కిందికి కారవు. గాలి మాత్రం రంధ్రాల్లోంచి నేరుగా పొడిని చేరుతుంది. దీపం వేస్తే నలభై నిమిషాల్లో నీళ్ళు తేటపడ్డాయి.

"రంగు విరగలేదు. నీ గుడ్డ పీల్చేసుకుంది" అంది పెద్దావిడ, కొలతల కాగితం వైపు చూడకుండానే.

"చీకట్లో కూడా పెట్టి చూశాను మేడమ్. రంగు ఇంచుమించు అలాగే ఉంది. పీల్చుకునేదైతే చీకట్లోనూ పీల్చుకోవాలి కదా."

"నాకు పాఠాలు చెప్పకు."

ఆ సాయంత్రం అత్తగారి ముందు, "మీ చిన్నకోడలికి కళ్ళు నెత్తికెక్కాయి" అని కూడా అంది. చిన్నావిడ భర్త అక్కడే కూర్చుని టీవీ శబ్దం పెంచాడు.

వారం తిరగ్గానే ప్రయోగం చూడటానికి డైరెక్టరు వచ్చాడు. చిన్నావిడ దీపం వేసి, అయిదేసి నిమిషాలకోసారి రంగు కొలవసాగింది. మొదట కొంచెం తగ్గింది. తర్వాత ఉన్నచోటే ఆగిపోయింది. ఇరవై నిమిషాలైంది. డైరెక్టరు గడియారం చూసుకున్నాడు.

"నేను ముందే చెప్పాను" అంది పెద్దావిడ.

చిన్నావిడ ఒక్కొక్కటే సరిచూసింది. దీపం సరిగానే ఉంది. గుడ్డ చిరగలేదు. గొట్టాన్ని పట్టుకుని తడుముకుంటూ వెనక్కి వెళ్ళింది. అది గాలి పంపు దగ్గరికి పోలేదు. బల్ల వెనకున్న నైట్రోజన్ సిలిండర్‌కి బిగించి ఉంది. నిన్న తన చేత్తోనే పంపుకి తగిలించి వెళ్ళింది. ఆ గది తాళంచెవులు తోడికోడళ్ళిద్దరి దగ్గరే ఉంటాయి.

గొట్టం ఊడదీసి పంపుకి మార్చింది. తర్వాతి కొలతకే రంగు తగ్గింది. మరో నలభై నిమిషాలకు నీళ్ళు తేటగా ఉన్నాయి.

"నైట్రోజన్ ఎవరు పెట్టారు?" అన్నాడు డైరెక్టరు.

"నేనే" అంది పెద్దావిడ తొణక్కుండా. "ఆక్సిజన్ అందకపోతే ఏమవుతుందో చూడాలిగా. ఈ అమ్మాయికి తట్టలేదు."

"భలే పరీక్ష. గాలే పని చేయిస్తోందని ఇంతకన్నా రుజువేం కావాలి? పరిశోధన పేపర్లో ఇద్దరి పేర్లూ పెట్టండి."

చిన్నావిడకి ఒళ్ళు మండిపోయింది. "నాకొక మాట చెప్పాల్సింది మేడమ్."

"చెబితే పరీక్షెలా అవుతుంది?"

పేపర్లో ఆ రోజు కొలతల గ్రాఫ్ కింద చిన్నావిడ, పెద్దావిడ పేరుతో సహా, ఒక వాక్యం రాసింది: మొదటి ఇరవై నిమిషాలు, ప్రయోగం చేసేవారికి తెలియకుండా, ఫలానావారు నైట్రోజన్ పంపారు. పెద్దావిడ కొట్టేసింది. చిన్నావిడ మళ్ళీ రాసింది. ఆవిడ మళ్ళీ కొట్టేసింది. చివరికి డైరెక్టరే విసిగి, పేరునూ 'తెలియకుండా'నూ తీసేసి పంపించాడు.

అచ్చైన రోజు ఇంట్లో పెద్దావిడ, "నీ పేపర్ని నిలబెట్టింది నా పరీక్షే" అంది.

"నన్ను పడగొట్టబోయారు. గురి తప్పింది, అంతే."

"నిరూపించు."

నిరూపించడానికి ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. చిన్నావిడ గదిలోకి వెళ్ళి భర్తతో, "వేరే ఇల్లు చూడండి. మీరు రాకపోతే నేనొక్కదాన్నే పోతాను" అంది. అతను రెండు రోజులు నసిగి, మూడో రోజు ఇల్లు చూశాడు.

మేడ మీంచి సామాను దించే రోజు పెద్దావిడ మెట్ల మధ్యలో నిలబడి ఫోను చూసుకుంటోంది. బీరువా మోసేవాళ్ళు, "అమ్మా, కాస్త" అన్నారు. ఆవిడ జరగలేదు. బరువు భుజాల మీదే పెట్టుకుని వాళ్ళే ఆగారు. చిన్నావిడా తప్పుకోమని అడగలేదు.