పిట్ట బరువు

సాయంత్రం సైరన్ మోగేసరికి పిట్ట గుమ్మంలో సిద్ధంగా ఉండేది. వాళ్ళ నాన్న పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డులో పనిచేస్తాడు. సందు మొదట్లో ఆయన కనబడితే చాలు, పరుగున వెళ్ళి కాళ్ళకు చుట్టుకునేది. ఆయన గుమ్మం దగ్గర ఆగి, చొక్కా విప్పి నాలుగు దులుపులు దులిపి, అప్పుడు పిల్లను ఎత్తుకునేవాడు. ఇంట్లోకి మురికి తేకూడదని పాపం ఆయన జాగ్రత్త. పిల్ల రోజంతా ఆడుకునేది ఆ గుమ్మంలోనే అన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఇక పిట్ట వాళ్ళమ్మ పొదుపు సంగతి చెప్పాలి. షెడ్డువాళ్ళు ఏడాదికి రెండు చొక్కాలిస్తారు. పాతవి పారేయడానికి ఆవిడకు చేతులు రావు. మెత్తబడ్డ వాటన్నిటినీ కలిపి పిల్లకు బొంత కుట్టింది. నాన్న వాసన వస్తుందని పిట్ట దాని అంచు నోట్లో పెట్టుకుని నిద్రపోయేది. చూడముచ్చటగా ఉండేది, అబద్ధమెందుకు.

పుట్టినప్పుడు తేలిగ్గా ఉందని పిట్ట అన్నారు. మూడేళ్ళొచ్చేసరికి ఒళ్ళు చేయలేదు గానీ బరువు మాత్రం పెరిగిపోయింది. ముందు ఊయల కొక్కెం ఊడింది, తర్వాత మంచం కోడు విరిగింది. నాన్న ఎత్తుకోవడం మానేసి పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. "ఇది పిల్లా, ఇనప్పెట్టా?" అని నానమ్మ నడుం పట్టుకుంది. ఆ సందులో అలాంటి పిల్లలు ఇంకో ముగ్గురున్నారు కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు. "మావాడు నిన్న మెట్టు పగలగొట్టాడు" అంది పక్కింటావిడ, పళ్ళొస్తున్నాయని చెప్పినంత మామూలుగా.

అయితే పిట్టకు మాటలు తగ్గిపోయాయి. కడుపునొప్పని ముడుచుకుని పడుకునేది. వాళ్ళమ్మకు భయం వేసి, తోపుడుబండి మీద ఆరోగ్య కేంద్రానికి తోసుకెళ్ళింది. కాటా ముల్లు చివరికంటా తిరిగి ఆగిపోయింది. "వందకు పైనే" అని రాసుకుంది నర్సమ్మ. రక్తపరీక్ష కాగితం చూశాకే ఆవిడ ముఖం మారింది.

"ఒంట్లో సీసం చేరిందమ్మా. ఆ బొంత తీసేయండి. గుమ్మం తడిబట్టతో తుడవండి. మీ ఆయన్ని షెడ్డులోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని రమ్మనండి."

"అక్కడి నీళ్ళగదికి తాళం వేసి రెండేళ్ళయిందండీ."

నర్సమ్మ పరీక్ష కాగితం మడిచి ఆవిడ చేతికిచ్చింది. "ఇక మీద చేరకుండా చూసుకోండి. ఎముకల్లోకి పోయింది అంత తొందరగా బయటికి రాదు."

నాన్న వెళ్ళి తాళం తీయమని అడిగాడు. సూపర్‌వైజరు ఓ కాగితం చూపించాడు. గాలి కొలిచారట, అంతా హద్దులోనే ఉందట. కొలిచే యంత్రం ఆయనగారి ఆఫీసు కిటికీలోనే ఉంది మరి. "కష్టంగా ఉంటే మానెయ్. బయట పదిమంది కాచుక్కూర్చున్నారు" అన్నాడు.

మానేస్తే తిండి ఎక్కణ్ణుంచి వస్తుంది? షెడ్డు పక్కనే గదిలో ఉండి, ఆదివారం మాత్రం స్నానం చేసి వస్తానని నాన్న మూట కట్టుకున్నాడు.

తెల్లారి ఆయన బయల్దేరుతుంటే పిట్ట వచ్చి ఆయన పాదాల మీద కూర్చుంది. మోకాళ్ళు వాటేసుకుంది. నలుగురు మగాళ్ళు పట్టి లేపినా అంగుళం కదల్లేదు. మొదటి సైరన్ మోగింది.

"లే తల్లీ. గేటు మూసేస్తే నా కార్డు చింపేస్తారు."

"వద్దు" అంది పిట్ట. నెల రోజుల్లో ఆ పిల్ల నోట వచ్చిన మాట అదొక్కటే.

రెండో సైరన్ మోగింది. గేటు మూసిన చప్పుడు సందుదాకా వినబడింది. నాన్న గోడకు చేరగిలబడి, అందరి ముందే ఏడ్చాడు. అప్పుడు లేచింది పిట్ట.

మర్నాడే ఆ పని ఎదురింటి కుర్రాడికి దొరికింది. ఆర్నెల్ల పాప తండ్రి. సాయంత్రం గుమ్మం దగ్గర ఆగి, చొక్కా విప్పి దులపబోయాడు.

"ఆగు తమ్ముడూ" అని పిట్ట వాళ్ళ నాన్న బకెట్టు నీళ్ళు పట్టుకుని, నిన్న పిట్ట కింద నలిగిన పాదాలతో కుంటుకుంటూ పరిగెత్తాడు. "ముందు ఒళ్ళు కడుక్కో. పాపను ముట్టుకోకు."

"నీ పని పోయిందని నామీద పడతావేంటన్నా" అన్నాడు కుర్రాడు చిన్నబుచ్చుకుని. చొక్కా నాలుగు దులుపులు దులిపి, పాపను ఒంటిచేత్తో ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయాడు.